డాకర్‌లో ఎయిర్‌ఫ్లో నడుస్తోంది కానీ లాప్‌టాప్‌లో డాష్‌బోర్డ్ ఓపెన్ అవ్వట్లేదు

మారతహళ్ళి_ఫ్రెషర్:
అన్నలూ, అక్కలూ, కొంచెం హెల్ప్ కావాలి. ఆఫీస్ క్లౌడ్ వీఎంలో (వర్చువల్ మెషీన్) ఎయిర్‌ఫ్లో 2.10ని (జాబ్‌లని టైమ్‌కి నడిపే టూల్) డాకర్ కంపోజ్‌తో (కంటైనర్లని ఒక ఫైల్ చూసి లేపే టూల్) లేపాను, డాకర్ పీఎస్ కొడితే వెబ్‌సర్వర్ హెల్దీ అనే చూపిస్తోంది, పోర్ట్‌ల కాలమ్‌లో 0.0.0.0:8080->8080 అని కూడా ఉంది. వీఎంలోకి వెళ్ళి కర్ల్‌తో లోకల్‌హోస్ట్:8080/హెల్త్ కొడితే షెడ్యూలర్ స్టేటస్ కూడా వస్తోంది. కానీ నా లాప్‌టాప్ బ్రౌజర్‌లో వీఎం ఐపీ వేసి 8080 కొడితే తిరిగీ తిరిగీ టైమ్‌డ్ అవుట్ అంటోంది. టీమ్‌లో ఒకాయన సెక్యూరిటీ గ్రూప్‌లో (క్లౌడ్ ఫైర్‌వాల్) 8080 అందరికీ ఓపెన్ చేసెయ్ అంటున్నాడు, చేసేయొచ్చా? రాత్రి జాబ్‌లు ఫెయిలైతే పొద్దున్నే గ్రాఫ్ చూసి చెప్పాల్సింది నేనే.

బెల్లందూర్_డెవాప్స్:
చెయ్యొద్దు తమ్ముడూ, ప్లీజ్. వీఎం లోపల కర్ల్ పనిచేస్తోందంటే కంటైనర్‌లో ఏ తప్పూ లేదు, దాన్ని కెలకొద్దు. టైమ్‌డ్ అవుట్ అంటే దాదాపుగా మధ్యలో ఫైర్‌వాల్ ప్యాకెట్‌ని మింగేస్తోందని అర్థం. కనెక్షన్ రిఫ్యూజ్డ్ వస్తే ఆ పోర్ట్‌లో ఎవరూ వినట్లేదని, సాధారణంగా కంపోజ్ ఫైల్‌లో పోర్ట్స్ లైన్ రాయలేదని. కనెక్షన్ రీసెట్ వస్తే మ్యాపింగ్ ఉంది కానీ లోపల యాప్ 127.0.0.1 (అంటే కంటైనర్‌కి మాత్రమే అందే అడ్రస్) మీదే కూర్చుందేమో చూడాలి.
నీకు ఎస్ఎస్‌హెచ్ ఎలాగూ ఉంది కదా, టన్నెల్ వేసుకో, అంటే లాప్‌టాప్ పోర్ట్‌ని ఎస్ఎస్‌హెచ్ గుండా వీఎం పోర్ట్‌కి కలపడం. లాప్‌టాప్‌లో ఇది కొట్టు:
ఎస్ఎస్‌హెచ్ -ఎన్ -ఎల్ 8080:లోకల్‌హోస్ట్:8080 యూజర్@వీఎం_ఐపీ
(-ఎన్ క్యాపిటల్, -ఎల్ కూడా క్యాపిటల్.) ఆ విండో అలాగే ఉంచి బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:8080 తెరువు.

ఒంగోలు_టు_వైట్‌ఫీల్డ్:
పై అన్న చెప్పిందే కరెక్ట్. ఇంకోటి, ఎయిర్‌ఫ్లో వాళ్ళ రెడీమేడ్ కంపోజ్ ఫైల్ వాడితే లాగిన్, పాస్‌వర్డ్ రెండూ ఎయిర్‌ఫ్లోనే, ఆ ఫైల్ ప్రొడక్షన్‌కి కాదని వాళ్ళే రాశారు. అది మార్చకుండా పోర్ట్ తెరిస్తే దారిన పోయే ఎవడైనా మీ డాగ్‌లు (ఎయిర్‌ఫ్లోలో రాసుకున్న జాబ్‌ల వరుసలు) ట్రిగ్గర్ చెయ్యొచ్చు, కనెక్షన్లు డిలీట్ చెయ్యొచ్చు. డాగ్‌స్టర్ (ఎయిర్‌ఫ్లో లాంటిదే ఇంకో టూల్) ఓపెన్ సోర్స్ వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్త, దాంట్లో లాగిన్ పేజీయే ఉండదు.
వీఎంలో యూఎఫ్‌డబ్ల్యూ (లినక్స్ ఫైర్‌వాల్) పెట్టాను కదా అని కూడా ధైర్యపడొద్దు. డాకర్ పబ్లిష్ చేసిన పోర్ట్‌లకి తన ఐపీటేబుల్స్ (లినక్స్ ప్యాకెట్ ఫిల్టర్) రూల్స్ తనే రాసుకుంటుంది, మీ యూఎఫ్‌డబ్ల్యూ డినై దాకా ట్రాఫిక్ రానే రాదు. అందుకే కంపోజ్‌లో పోర్ట్స్ దగ్గర 8080:8080 తీసేసి 127.0.0.1:8080:8080 అని రాసెయ్, అప్పుడు పోర్ట్ వీఎం లోపలి నుంచి మాత్రమే అందుతుంది, తర్వాత డాకర్ కంపోజ్ అప్ -డి కొట్టు, ఉత్త రీస్టార్ట్‌తో ఈ మార్పు తీసుకోదు. టన్నెల్ మామూలుగానే పనిచేస్తుంది.

మారతహళ్ళి_ఫ్రెషర్:
వచ్చేసింది!! చాలా థ్యాంక్స్ ఇద్దరికీ. నా లాప్‌టాప్‌లో 8080ని జెంకిన్స్ పట్టుకుని కూర్చుంది, అందుకని 8081:లోకల్‌హోస్ట్:8080 అని పెట్టా, గ్రిడ్ వ్యూ మొత్తం కనిపిస్తోంది, నిన్న రాత్రి ఎర్రగా పడ్డ టాస్క్ లాగ్ కూడా చదివా. పాస్‌వర్డ్ మార్చేశా, 127.0.0.1 కూడా పెట్టేశా. టీమ్‌లో ఇంకో నలుగురు కూడా ఇది చూడాలి, అందరికీ వీఎం కీ ఇవ్వాలా?

బెల్లందూర్_డెవాప్స్:
కీ పంచొద్దు. ఆఫీస్ వీపీఎన్ ఉంటే వీఎం ప్రైవేట్ ఐపీ మీద ఎన్జినెక్స్ (రిక్వెస్ట్‌లని వెనక్కి పంపే వెబ్ సర్వర్) పెట్టి, దాని వెనక లోకల్‌హోస్ట్:8080కి పంపించు, సెక్యూరిటీ గ్రూప్‌లో వీపీఎన్ రేంజ్‌కి మాత్రమే 443 ఇవ్వమని నెట్‌వర్క్ వాళ్ళకి టికెట్ వెయ్యి. చూడటానికే అయితే వాళ్ళకి ఎయిర్‌ఫ్లోలో వ్యూయర్ రోల్ చాలు.