గొడవకు ‘నాంది’ పలకొచ్చా?

‘ఆ వ్యాఖ్య పెద్ద గొడవకు నాంది పలికింది’. వార్తల్లో తరచూ కనిపించే వాక్యం. తప్పని కొందరు, వాడుకైపోయింది కాబట్టి ఒప్పేనని కొందరు. మీరేమంటారు?

రంగస్థలి: తప్పే. సంస్కృత నాటకం మొదట్లో చదివే మంగళ శ్లోకం నాంది. ‘నాంద్యంతే’ అన్నాకే సూత్రధారుడి మాటలు మొదలవుతాయి. ధాతువు ‘నంద్’, సంతోషించడం. శాకుంతలం నాంది ‘యా సృష్టిః’ చూడండి: శివుడి ఎనిమిది మూర్తులను చెప్పి, కాపాడమని వేడుకోవడంతో సరి. దుష్యంతుడి ఊసే ఉండదు. అంటే అది కథకు మొదలు కూడా కాదు, అంతా చల్లగా సాగాలన్న ప్రార్థన. గొడవ చల్లగా సాగాలని ఎవరు కోరతారు?

వాడుకవాది: ధాతువు పట్టుకుని వేలాడితే ఎలాగండీ? ధర్మశాస్త్రాల్లో ‘సాహసం’ అంటే దౌర్జన్యం, ఇప్పుడది మెచ్చుకోలు. అయినా నాంది అంతా శుభమేనా? పెళ్లికి ముందు పెట్టే నాందీ శ్రాద్ధం మాటేమిటి?

పురోహితుడు: పేరు చూసి బోల్తాపడ్డారు. దాన్నే వృద్ధి శ్రాద్ధం అంటారు, అది శుభకార్యమే. మామూలు పితృకార్యంలో నువ్వులు వాడేచోట ఇక్కడ యవలు. జంధ్యం ప్రాచీనావీతి చెయ్యరు, అంటే కుడి భుజం మీదికి మార్చరు, సవ్యంగా ఎడమ భుజం మీదే ఉంటుంది. మీ ఉదాహరణ రంగస్థలి గారికే పనికొచ్చింది.

ప్రూఫ్‌రీడర్: గొడవకు ‘దారితీసింది’ చాలు. ముందు కనబడకుండా ఉండి తర్వాత పెరిగిందైతే ‘బీజం వేసింది’. అది మంచికీ చెడుకీ సరిపోతుంది. ‘ఆజ్యం పోసింది’ అప్పటికే రగులుతున్నదానికి, మొదలుకు కాదు. ‘నాంది వేశారు’ అని కూడా వస్తోంది, అది ‘పునాది’ నుంచి జారిపడ్డ క్రియ. శ్లోకం కాబట్టి నాంది పలకాల్సిందే. ‘అంకురార్పణ’తోనూ ఇదే తంటా. తిరుమల బ్రహ్మోత్సవాల్లో మట్టి తెచ్చి పాలికల్లో (మట్టిపాత్రల్లో) నవధాన్యాలు చల్లే ఆ తంతు, ఉత్సవాలు మొదలయ్యే ధ్వజారోహణానికి ముందే. వంతెన మీద రిబ్బన్ కత్తిరించిన రోజున ‘అంకురార్పణ’ అని రాస్తే, మొక్క కాపుకొచ్చాక విత్తనం చల్లినట్టు.

వాడుకవాది: శ్రాద్ధం మాట వెనక్కి తీసుకున్నా. కానీ నాంది అనగానే శ్లోకం గుర్తొచ్చే పాఠకులు ఎందరు? వాళ్లకది ‘మొదలు’ అంతే. నా లెక్కలో తప్పు కాదు, కాస్త మోటు.

రంగస్థలి: మరి ‘మారణహోమానికి శ్రీకారం చుట్టారు’ అని రాస్తారా?

వాడుకవాది: అక్కడ మాత్రం నాకూ చెయ్యి రాదు.