మొదటి చలికాలం సెలవులు: ఖాళీ క్యాంపస్‌లో నెల రోజులు ఎలా గడపాలి?

ఎంవీపీ కాలనీ కుర్రాడు:

మన విశాఖ వాళ్లందరికీ నమస్కారం. ఆగస్టులో బోస్టన్ వచ్చాను, కంప్యూటర్ సైన్స్‌లో ఎమ్మెస్. డిసెంబరు మూడో వారంలో పరీక్షలు ముగిస్తే మళ్లీ జనవరి మూడో వారం దాకా తరగతులు లేవు. నాతో ఉండే ముగ్గురిలో ఇద్దరు డాలస్‌లో బంధువుల ఇంటికి, ఒకడు విశాఖకే వెళ్తున్నారు. టికెట్ ధర చూసి నేను ఆగిపోయాను. యూనివర్సిటీ నుంచి రోజుకో మెయిల్ వస్తోంది: చెక్కపని వర్క్‌షాపు, అల్లికలు, మంచు మీద స్కేటింగ్, బోర్డు ఆటలు, ఎవరింట్లోనో క్రిస్మస్ భోజనం. ఇవి మనలాంటివాళ్ల కోసమేనా? చిన్నపిల్లల వేసవి శిబిరంలా అనిపిస్తోంది. గదిలో కూర్చుని ఇంటర్వ్యూ ప్రశ్నలు సాధన చేస్తే ఉద్యోగానికైనా పనికొస్తుందని ఒక స్నేహితుడు అంటున్నాడు. సలహా చెప్పండి.

పెదవాల్తేరు అన్నయ్య:

తమ్ముడూ, నువ్వున్న ఊళ్లోనే అయిదు చలికాలాలు గడిపి ఇల్లు చేరాను. ఇది పెదవాల్తేరులో మా డాబా మీద కూర్చుని రాస్తున్నాను. సాయంత్రం ఆరు దాటింది, 24 డిగ్రీలు. పక్కింటాయన అప్పుడే మఫ్లర్ చుట్టుకుని, ఈ ఏడాది చలి ఎక్కువేనంటున్నాడు.

మొదటి ఏడాది నేను సరిగ్గా నీ స్నేహితుడు చెప్పిన పనే చేశాను. సాధన మూడు రోజులు సాగింది. నాలుగో రోజు నుంచి మధ్యాహ్నం రెండింటికి లేవడం మొదలైంది. డిసెంబరులో అక్కడ సూర్యుడు సాయంత్రం నాలుగుంబావుకల్లా దిగిపోతాడు. రెండింటికి లేచేవాడికి మిగిలే పగలెంతో నువ్వే లెక్క వేసుకో. గిన్నెడు పులిహోర కలుపుకుని రెండు పూటలా అదే తిన్నాను. అమ్మ వీడియో కాల్ చేస్తే నెట్‌వర్కు బాగాలేదని కెమెరా కట్టేశాను. పన్నెండో రోజు బయటికి వచ్చానంటే కారణం గొప్పదేమీ కాదు, పాలు అయిపోయాయి. దారిలో ఒక భవనం తలుపు మీద ‘నేలమాళిగలో సైకిల్ మరమ్మతు నేర్పుతాం, ఉచితం’ అని కాగితం అంటించి ఉంది. నాకు సైకిల్ లేదు. లోపల హీటర్ ఉంటుంది కదా అని మెట్లు దిగాను.

మొత్తం ఆరుగురం. నా పక్కన లైబ్రరీలో పనిచేసే అరవై ఏళ్ల ఆవిడ, ఎదురుగా బ్రెజిల్ నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థి. మన సైకిల్ షాపుల్లో చక్రం బెండు తీస్తారే, ఆ రోజు పాఠం అదే. స్పోకు ఏవైపు బిగిస్తే చక్రం ఆవైపే వంగుతుంది. ముగ్గురం కలిసి ఒక మంచి చక్రాన్ని గంటలో పాడుచేశాం. తరగతిలో ఉన్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్లకు నాకన్నా ఎక్కువ తెలుసనీ, నోరు తెరిస్తే నా ఇంగ్లీషు బయటపడుతుందనీ బెదురుగా ఉండేది. అక్కడ ఎవరికీ ఏమీ రాదు. మాటలు వెతుక్కోనక్కరలేదు, ‘ఆ స్పానర్ ఇటివ్వండి’తో సంభాషణ మొదలైపోతుంది. సెమిస్టరు నడుస్తుండగా అదే గదికి నలభై మంది వచ్చేవాళ్లు, రెండోసారి కనబడితే ఒకరినొకరు గుర్తుపట్టేవాళ్లు కారు. సెలవుల్లో ఆరుగురే కాబట్టి పేర్లు నిలిచిపోయాయి. ఫిబ్రవరిలో లైబ్రరీ కౌంటరులో ఖాళీ ఉందని నాకు ముందుగా చెప్పింది ఆవిడే. ఉద్యోగం దొరుకుతుందని వెళ్లమనడం లేదు. వెళ్లకపోతే నాకు పులిహోర తప్ప ఏమీ మిగిలేది కాదు.

నీ ఊరు ఈ విషయంలో కాస్త అదృష్టమైనది కూడా. నది అవతల ఎంఐటీలో 1971 నుంచి జనవరి నెలంతా మామూలు చదువు పక్కనపెట్టి, ఎవరికి ఏది వస్తే అది నేర్పుకునే పద్ధతి ఉంది. దాన్ని ఐఏపీ అంటారు. ప్రొఫెసర్లే కాదు, విద్యార్థులూ ఉద్యోగులూ పాఠాలు చెబుతారు. గాజు ఊది పాత్రలు చేయడం నేర్చుకోవాలంటే అక్కడి విద్యార్థులైనా సరే లాటరీలో పేరు వేసుకోవాలి. ఆ నెలలోనే, మార్టిన్ లూథర్ కింగ్ సెలవు వచ్చే వారాంతంలో, మిస్టరీ హంట్ అనే పొడుపుకథల వేట జరుగుతుంది. 1981లో మొదలైంది. క్యాంపస్‌లో దాచిన ఒక నాణెం కోసం జట్లు రాత్రింబగళ్లు నిద్ర మానుకుంటాయి. గెలిచినవాళ్లకు బహుమతేమిటో తెలుసా? మరుసటి ఏడాది వేట తయారుచేసే చాకిరీ! జట్లలో బయటివాళ్లూ ఉంటారు. ఐఏపీ కార్యక్రమాల్లో చాలావరకు వాళ్ల విద్యార్థులకే, కొన్ని మాత్రం అందరికీ. ప్రకటన కింద ఎవరికి ప్రవేశమో రాస్తారు, అది చదివి వెళ్లు.

నీ మెయిల్‌లోవాటిలో నేనైతే చెక్కపనికి మొదట పేరిస్తాను. అలాంటి చోట్ల ముందు భద్రతా శిక్షణ ఇస్తారు. అది ఒకసారి పూర్తయితే చాలా క్యాంపస్‌లలో ఏడాది పొడుగునా ఆ యంత్రాలు వాడుకోనిస్తారు. సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ అనే పేరు కనిపిస్తే అది వడ్రంగం అనుకోకు, రెండు రోజుల ప్రోగ్రామింగ్ వర్క్‌షాపు. నీకు తేలికగా ఉంటుంది కానీ జీవశాస్త్రం వాళ్లూ రసాయనశాస్త్రం వాళ్లూ వస్తారు, వాళ్లకు సాయం చేస్తూ కూర్చోవచ్చు. రెజ్యూమే వర్క్‌షాపు ఒక్కటి చాలు, రెండోదానిలోనూ అవే మాటలు. స్కేటింగ్‌కు వెళ్లు, చేతి తొడుగులు లేకుండా మాత్రం వెళ్లకు. నేను పడి మణికట్టు బెణికించుకున్నాను. సెలవుల్లో క్యాంపస్ ఆసుపత్రి వేళలు తగ్గిపోతాయని ఆ రోజే తెలిసింది. నీ బీమా ఏ అర్జెంట్ కేర్‌లో, అంటే అపాయింట్‌మెంటు లేకుండా చూసే క్లినిక్‌లో, చెల్లుతుందో ఇప్పుడే చూసి పెట్టుకో. జోడీ నృత్యం గురించి నన్ను అడగవద్దు.

సీట్లు నిండిపోయాయని వస్తే నిరాశపడకు. వెయిటింగ్ లిస్టులో పేరు వేసి, మంచు బాగా కురిసిన రోజు వెళ్లి తలుపు దగ్గర నిలబడు. పేరిచ్చినవాళ్లలో చాలామంది దుప్పటి వదిలి రారు.

గాజువాక అక్క, ఒహాయో:

అన్నయ్య సరదా భాగమంతా చెప్పేశారు, కాగితాల సంగతి నేను చెబుతాను. క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య చాలా యూనివర్సిటీలు ఆఫీసులు పూర్తిగా మూసేస్తాయి. ఐ-20, అంటే విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం, దాని మీద దేశం దాటి తిరిగి రావడానికి ప్రయాణ సంతకం కావాలంటే ఈ వారంలోనే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లు. నయాగరా వెళ్లేవాళ్లు కారులో చోటుందని పిలుస్తారు. అవతలి ఒడ్డు కెనడా, మన పాస్‌పోర్టుకు విడిగా వీసా ఉండాలి. ఉత్సాహంలో వంతెన దాటేయకు.

ఇంకొకటి, ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు: సెలవులే కదా, రెస్టారెంట్‌లో నగదుకు పనిచేయి అని. వద్దు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు వచ్చే సెమిస్టరు కొనసాగేటట్టయితే అధికారిక సెలవుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలకు మించి పనిచేయవచ్చు. అనుమతి లేకుండా బయట ఒక్క గంట చేసినా స్టేటస్‌కు ముప్పు.

ఒక మాటలో మాత్రం అన్నయ్యతో విభేదిస్తాను. గదిలో ఒంటరిగా పులిహోర తినడం వేరు, మనవాళ్లతో కలిసి తినడం వేరు. ఆయన కథ చదివితే తెలుగువాళ్లకు దూరంగా ఉంటేనే బాగుపడతారని అర్థమయ్యే ప్రమాదం ఉంది. నా మొదటి జనవరిలో ముప్పై మందిమి కలిసి అరిసెలు చేయబోయి పాకం ముదరబెట్టాం, అవి సుత్తితో కొట్టినా విరగలేదు. ఆ ముప్పై మందిలో నలుగురు ఇప్పటికీ నాకు ఇంటివాళ్లతో సమానం.

పెదవాల్తేరు అన్నయ్య:

ఒప్పుకున్నాను. రెండూ చేయమను.

లాసన్స్ బే అమ్మ:

బాబూ, నేను విదేశం చూడలేదు. మా అమ్మాయి అక్కడ ఉండగా మాట్లాడిన మాటలే తెలుసు. మాకు పొద్దున అయిదున్నర అంటే మీకు ముందురోజు సాయంత్రం ఏడు. నేను కాఫీ పెట్టుకుని కూర్చుంటే తను ఆ రోజు ఏం చేసిందో చెప్పేది. చెప్పడానికి ఏమీ లేని రోజుల్లో ‘బాగానే ఉన్నాను’ అనేది. ఆ ‘బాగానే’ వింటే నాకు ఆ రోజంతా పని మీద మనసు నిలిచేది కాదు. కుమ్మరి చక్రం తరగతికి వెళ్లిన రోజు మాత్రం గంటసేపు ఆపకుండా చెప్పింది. అప్పుడు చేసిన వంకర కప్పు ఇక్కడికి తెచ్చింది, మా ఆయన అందులో షేవింగ్ బ్రష్ పెట్టుకుంటున్నారు. నీ స్నేహితుడు చెప్పిన సాధన పొద్దున్నే చేసుకో, సాయంత్రం ఎక్కడికైనా వెళ్లు.

ఎంవీపీ కాలనీ కుర్రాడు:

అందరికీ ధన్యవాదాలు. చెక్కపనికి పేరిచ్చాను, దొరికింది. స్కేటింగ్ వెయిటింగ్ లిస్టులో తొమ్మిదో వాడిని, కాబట్టి మంచు కోసం ఎదురుచూస్తాను. సంతకానికి రేపు వెళ్తున్నాను. క్రిస్మస్ భోజనానికి కూడా ఒప్పుకున్నాను, ఒక రిటైరైన దంపతుల ఇల్లు. అమ్మ పంపిన మాడుగుల హల్వా ఒక డబ్బా తెరవకుండా ఉంది, అది తీసుకెళ్లవచ్చా?

గాజువాక అక్క, ఒహాయో:

బ్రహ్మాండంగా. శాకాహారివైతే ఆ మాట ఇప్పుడే మెయిల్‌లో చెప్పు, బల్ల దగ్గర కాదు. అయిదింటికి రమ్మంటే అయిదింటికే వెళ్లు, మన పెళ్లి భోజనాల లెక్క అక్కడ నడవదు. హల్వాలో జీడిపప్పు, బాదం ఉంటాయి కాబట్టి డబ్బా మూత మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించు, అవి పడనివాళ్లు ఎవరైనా ఉండవచ్చు.

పెదవాల్తేరు అన్నయ్య:

డబ్బా మొత్తం ఇచ్చేయకు తమ్ముడూ. సగం వేరే గిన్నెలోకి తీసి దాచుకో, జనవరి ఇంకా చాలా ఉంది.