మళ్లీ కోర్టుకు రమ్మంటున్నారు, నా పెన్షన్‌కు ఏమీ కాదు కదా?

విశ్రాంత బెంచ్ క్లర్క్, గుంటూరు జిల్లా:
నమస్కారమండీ. ముప్ఫై నాలుగేళ్లు కోర్టుల్లో చేసి రిటైరయ్యాను. స్టాఫ్ లేరు, ఏడాది పాటు కాంట్రాక్టు మీద రండి అని మొన్న ఫోను. చూసొద్దామని వెళ్లా. కొత్తగా చేరిన పిల్లాడు దావా కట్టలో ప్రతివాది పత్రాలకూ ఏ-1, ఏ-2 అని వేసుకుపోతున్నాడు. అవి బీ-1 నుంచి మొదలవ్వాలని చెప్పేవాళ్లే లేరు పాపం. పక్కన కూర్చుని దిద్దించేసరికి మధ్యాహ్నమైంది. వెళ్లాలనే ఉంది. కానీ మా ఆవిడ మందులన్నీ ఆ పెన్షన్ మీదే. తెలిసినాయన ఒకరు ఇలాగే చేరితే నాలుగు నెలలు పెన్షన్ ఆగింది. నేను 40 శాతం కమ్యూట్ చేసుకున్నాను, అంటే పెన్షన్‌లో అంత భాగానికి బదులు ఒకేసారి డబ్బు తీసుకున్నాను. కొత్త జీతంలోంచి పెన్షన్ కోస్తే ఏది కోస్తారు, ఇప్పుడు చేతికొచ్చేదా, కమ్యూట్ చేయకముందు మొత్తమా?

విశ్రాంత ట్రెజరీ ఉద్యోగి:
అన్నా, అసలు ప్రశ్న అదే. మళ్లీ చేరినవాళ్ల జీతంపై కేంద్రం 1986 ఉత్తర్వుల్లో కోసేది కమ్యూటేషన్‌కు ముందున్న పూర్తి పెన్షన్. అవి కేంద్ర ఉద్యోగులవి, మీకు వర్తించవు, మీకు మీ ఆర్డరులో ఉన్నదే లెక్క. అందుకే చేరకముందే రాయించుకోండి: ఇచ్చేది గౌరవ వేతనమా, జీతంలోంచి పెన్షన్ తీసేసిన మొత్తమా, డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భృతి) వస్తుందా. ఇంకోటి, మళ్లీ ఉద్యోగంలో చేరినవాళ్లకు జీవన్ ప్రమాణ్ (ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్) పనికిరాదు. లైఫ్ సర్టిఫికెట్ కాగితం మీదే ఇవ్వాలి, మళ్లీ ఉద్యోగంలో చేరిన సంగతీ అందులో రాయాలి. మీకు తెలిసినాయనకు పెన్షన్ ఆగింది ఇక్కడేనేమో, ఒకసారి అడగండి.

అడ్వకేట్, వరంగల్:
పెన్షన్ దయాధర్మం కాదని 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిటైరైన జడ్జీలను రాజ్యాంగం 224ఎ అధికరణ కింద హైకోర్టుకు పిలిచినా లోక్‌ప్రహరి తీర్పు (2021) ప్రకారం ఇచ్చేది సిట్టింగ్ జడ్జి జీతంలోంచి పెన్షన్ తీసేసి. అంటే కోత జీతంలోనే, పెన్షన్ దాని దారిన అది వస్తుంది. గుమాస్తాకూ అలాగే ఉంటుందని నా ఊహ, మీ ఆర్డరు చూడాలి. నోటిమాట మీద మాత్రం చేరకండి గురువుగారూ.

విశ్రాంత బెంచ్ క్లర్క్:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ మూడూ రాసి సోమవారం లెటరు పట్టుకెళ్తున్నా. జవాబు కాగితం మీద వచ్చాకే చేరతాను. ఆ పిల్లాడికి నా ఫోన్ నంబరు ఇచ్చొచ్చాను, సందేహమొస్తే అడుగుతాడు.