కొబ్బరినూనెతో ఇంట్లో లిప్‌బామ్: తేనెమైనం తప్పనిసరా?

లంకతోట (రాజోలు)
ధనుర్మాసపు చలిగాలికి మా ఇంట్లో పిల్లలూ పెద్దలూ అందరి పెదవులూ పగులుతున్నందున, మా తోట కొబ్బరితోనే లిప్‌బామ్ చేయడం మొదలుపెట్టాను. నాలుగు విడతలు పాడైన తరువాత కుదిరిన కొలత ఇది: తేనెమైనం 10 గ్రాములు, గానుగ కొబ్బరినూనె 25 గ్రాములు, వంటాముదం 5 గ్రాములు. పొయ్యి మీద నీళ్ల గిన్నె పెట్టి, అందులో చిన్న స్టీలు గిన్నె దించి, ముందు మైనం కరిగించి ఆ తరువాత నూనెలు పోయాలి. మైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది గనుక నీళ్లు సలసల మరగవలసిన పని లేదు. గట్టిదనం చూడడానికి ఒక చుక్కను చల్లటి పళ్లెం మీద వేసి, రెండు నిమిషాలాగి గోటితో నొక్కుతాను. గోరు మెత్తగా దిగి గుంట నిలిస్తే కుదిరినట్టు. పెళుసుగా చిట్లితే మైనం ఎక్కువైనట్టు. గోటికి నూనె అంటి గుంట పూడిపోతే మైనం చాలనట్టు. రంగు కోసం రెండు చెంచాల బీట్‌రూట్ రసం పోశాను గాని, అది అడుగున ఎర్రటి బొట్లుగా విడిపోతోంది. దానికి ఉపాయం తెలిసినవారు చెప్పగలరు.

వెన్నముద్ద (మండపేట)
అసలు మైనం ఎందుకండీ? మా అత్తగారు తెల్లవారుజామున చల్ల చిలికి, కవ్వానికి అంటిన వెన్నను వేలితో తీసి పిల్లల పెదవులకు రాసేవారు, రెండు రోజుల్లో పగుళ్లు మానేవి. ఇప్పుడు తేనెమైనం పేరుతో దుకాణాల్లో కొవ్వొత్తుల మైనం అంటగడుతున్నారు. నేను కొన్న ముద్ద తెల్లగా, పలకలు పలకలుగా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తేనె వాసన జాడే లేదు. అటువంటిది పెదవులకు రాసుకోవడం కంటే వెన్న రాసుకోవడం మేలు కాదా?

మందులషాపు (పాలకొల్లు)
లంకతోట గారూ, బీట్‌రూట్ రంగు నీటిలో కరిగేది, నూనెలో కరిగేది కాదు. ఎంత కలిపినా విడిపోతుంది. విడిపోవడం కంటే పెద్ద చిక్కు ఏమిటంటే, ఆ నీటి బొట్ల దగ్గరే బూజు, సూక్ష్మజీవులు పెరుగుతాయి. మైనం, నూనె మాత్రమే ఉన్న లేపనంలో నీరు లేదు గనుక అది నెలల తరబడి నిలుస్తుంది. నిమ్మరసం, కలబంద గుజ్జు, గులాబీ నీరు, ఏది పోసినా ఇదే తంటా. తేనె కూడా నూనెలో కలవదు, అడుగుకు చేరుతుంది. పైగా ఏడాది నిండని పసిబిడ్డ నోటికి తేనె తగలనివ్వకూడదు, ఎందుకంటే అందులో ఉండగల బ్యాక్టీరియా బీజాల వల్ల బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వస్తుంది. రంగు కావలసి ఉంటే జాఫ్రా గింజలను నులివెచ్చటి నూనెలో నానబెట్టి వడకట్టండి, ఆ రంగు నూనెలోకే దిగుతుంది.
వెన్నముద్ద గారూ, వెన్నలో దాదాపు 16 శాతం నీరే ఉంటుంది, దానితో పాటు పాల పదార్థమూ ఉంటుంది. డబ్బాలో నిలవ ఉంచే వస్తువులో వెన్న వేయకూడదు. నెయ్యి అయితే వేయవచ్చు.

కాలువగట్టు (భీమవరం)
సంక్రాంతి ముందు మా ఇంట్లో కొబ్బరినూనె సీసా తనంతట తానే గడ్డకడుతుంది. దానిని గోటితో గీకి రాసుకుంటే చాలదా?

లంకతోట (రాజోలు)
చలికాలం ఉదయం వరకు చాలుతుందండీ. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మధ్యాహ్నానికి పెదవి మీద నిలవదు. మన వైపు వేసవిలో ఒకటికి మూడు పాళ్లు నూనె పోసిన డబ్బా కూడా చేతిసంచిలో జావగా మారుతున్నందున, చైత్రం తరువాత నేను మైనం ఒకటికి నూనె రెండుగా మారుస్తాను.

వెన్నముద్ద (మండపేట)
వెన్న బూజు పడుతుందని పుస్తకంలో చదివినట్టు చెబుతున్నారు. ముప్పై ఏళ్లుగా ఈ ఇంట్లో వెన్న తీస్తున్నాను, నీళ్లలో వేసి ఉంచిన నా వెన్నకు ఎన్నడూ బూజు పట్టలేదు. బూజు సంగతి నాకు చెప్పకండి. మైనం సంగతి నేను చెబుతాను, వినండి. రెండేళ్ల క్రితం బంధువుల పెళ్లిలో ఒకావిడ "అంతా సహజమే, తేనెమైనంతో ఇంట్లోనే చేశాను" అని చెప్పి చిన్న డబ్బాలు అమ్మింది. మా అమ్మాయి మూడు రోజులు రాసుకునేసరికి పెదవులు వాచి, అంచుల చుట్టూ ఎర్రటి పొక్కులు లేచి, అన్నం ముద్ద నోట పెట్టుకోలేక గంజి తాగింది. చర్మవైద్యుడు "ఇందులో ఏమేమి కలిపారు?" అని అడిగితే డబ్బాను తిప్పి చూశాము. దాని మీద పేరు లేదు, తేదీ లేదు, ఒక్క అక్షరం లేదు. అందుకే మైనం అంటే నాకు భయం.

మందులషాపు (పాలకొల్లు)
మీ అమ్మాయికి జరిగినది చాలా బాధాకరం, అది మీ భ్రమ కూడా కాదు. తేనెటీగలు తేనెపట్టులోని సందులు పూడ్చడానికి చెట్ల జిగురుతో చేసుకునే ప్రొపోలిస్ అనే పదార్థం సరిగా శుద్ధి చేయని మైనంలో మిగిలిపోతుంది, అది కొందరికి పడదు. దాల్చినచెక్క నూనె, పుదీనా నూనె కూడా పెదవులను మండించగలవు. ఆ డబ్బాలో ఏది ఉందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. మీ ఇంటి వెన్న సంగతి వేరు: ఏ పూటకు ఆ పూట తీసి రాస్తారు, నెలల తరబడి డబ్బాలో పెట్టరు.
ఇంకొక మాట. మైనం పడనివారికి శుద్ధి చేసిన పెట్రోలియం జెల్లీ మంచిది. 1872లో పేటెంటు పొందిన ఆ పదార్థం పెదవి మీద తేమను బయటికి పోనివ్వదు, ఎలర్జీ కలిగించడమూ బహు అరుదు. సహజమైనదంతా మంచిదనీ, కానిదంతా చెడ్డదనీ అనుకోవద్దు.

లంకతోట (రాజోలు)
ఎక్కడ మొదలుపెట్టినా చివరికి పెట్రోలియం జెల్లీ కొనుక్కోమనే చెబుతారన్నమాట. మా ఊరి చుట్టూ ఎటు చూసినా కొబ్బరిచెట్లే, నూనె మాత్రం ఊరు కాని ఊరి నుంచి సీసాలో రావాలి, లేపనం ఇంకెక్కడి నుంచో రావాలి. 1996 నవంబరు తుపానులో మా తోటలో సగానికి పైగా చెట్లు మొదలంటా కూలిపోయాయి. మళ్లీ మొక్కలు నాటి, కాపు వచ్చేదాకా మా మామగారు ఎంత కష్టపడ్డారో నేను కళ్లారా చూశాను. ఇప్పుడు కాయ దింపించిన కూలి, ఒలిపించిన కూలి పోగా చేతికి మిగిలేది ఏమిటో అంబాజీపేట మార్కెట్టుకు కాయ పంపే ప్రతి రైతుకూ తెలుసు. మా డ్వాక్రా సంఘంలో పదిమందిమి కలిసి వేసవి నాటికి రెండు వందల డబ్బాలు చేసి తిరునాళ్లలో అమ్మాలని అనుకుంటున్నాము. అందుకే ఇంత శ్రద్ధగా కొలతలు రాసుకున్నాను. బూజు, జబ్బు, పొక్కులు అని ఒక్కొక్కరూ ఒక్కొక్క రాయి వేస్తుంటే, పల్లెటూరి ఆడవాళ్లు ఏదీ చేయకూడదనేదే మీ ఉద్దేశమా?

అరటిగెల (రావులపాలెం)
అమ్ముతారన్న మాట మొదటే చెప్పి ఉంటే చర్చ ఇంత దూరం వచ్చేది కాదు.

వెన్నముద్ద (మండపేట)
లంకతోట గారూ, మీరు రాయి అన్నది నన్నే గనుక నేనే బదులు చెబుతాను. మాది కూడా వ్యవసాయ కుటుంబమే, మీ మామగారి కష్టం నాకు ఒకరు చెప్పవలసినది కాదు. నిన్నటి నుంచి మైనం మీద పోట్లాడాను గాని, రాత్రి కూర్చుని ఆలోచిస్తే నా కోపం మైనం మీద కాదని తెలిసింది. పెళ్లిలో అమ్మిన ఆవిడ ఎవరో, ఏ ఊరో, ఆ తరువాత ఎంత వెతికినా తెలియలేదు. మా అమ్మాయి నోరు తెరవలేక ఏడుస్తుంటే, వెళ్లి "ఇందులో ఏం వేశావమ్మా?" అని అడగడానికి మనిషి లేదు. మీ ఇంట్లో మీ పిల్లలకు మీరు ఏదైనా రాయండి, పడకపోతే మరునాడు మీరే చూసి మానేస్తారు. తిరునాళ్లలో కొన్నవాళ్లు మిమ్మల్ని ఎక్కడ వెతుక్కుంటారు?

మందులషాపు (పాలకొల్లు)
నేను అడగవలసిన ప్రశ్ననే వెన్నముద్ద గారు అడిగారు. సొంత వాడకానికి చేసుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మకానికి చేసేవారికి మాత్రం 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద వచ్చిన 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనలు వర్తిస్తాయి. రాష్ట్ర అధికారి నుంచి తయారీ లైసెన్సు తీసుకోవాలి. డబ్బా మీద తయారుచేసినవారి పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, ఏ తేదీలోగా వాడాలి, ఏమేమి కలిపారు అన్నవి ఉండాలి. పదిమంది మహిళలకు సొంత కర్మాగారం భారమే. అయితే అప్పటికే లైసెన్సు ఉన్నవారి చోట తమ సరుకు తయారు చేసుకునేందుకు లోన్ లైసెన్సు అనే పద్ధతి ఆ నిబంధనల్లోనే ఉంది. మిమ్మల్ని ఆపడానికి ఈ మాట చెప్పడం లేదు. పెట్రోలియం జెల్లీ ప్రస్తావన మీ మనసు నొప్పించి ఉంటే మన్నించండి, అది మైనం పడనివారి కోసం చెప్పిన మాట.

లంకతోట (రాజోలు)
వెన్నముద్ద గారూ, మీ అమ్మాయి సంగతి మొదటిసారి చదివినప్పుడు నా కొలతను తప్పుపడుతున్నారనే అనుకున్నాను. ఇప్పుడు మళ్లీ చదివాను. సంఘంలో అందరితో మాట్లాడాను. లైసెన్సు సంగతి తేలేవరకు అమ్మకం లేదు. ఈలోగా చేసిన ప్రతి డబ్బాకూ నూనె ఆడించిన తేదీ, కలిపిన వస్తువుల పేర్లు కాగితం మీద రాసి అతికిస్తాను, మా ఇళ్లలో వాడి చూసినప్పుడు ఏ తేదీ డబ్బా ఎన్ని నెలలకు కనరు వాసన వచ్చిందో ఆ లెక్కా నిలుస్తుంది. మైనాన్ని గుడ్డలో మూటకట్టి వేడినీళ్లలో ముంచితే, శుభ్రమైనది పైకి తేలి చల్లారాక పలకగా గడ్డకడుతుంది, అడుగున గోధుమరంగు మడ్డి పడుతుంది. ఆ మడ్డిని కత్తితో గీకివేస్తున్నాను. ప్రొపోలిస్ అందులోనే పోతుందా?

మందులషాపు (పాలకొల్లు)
చాలావరకు తగ్గుతుంది గాని పూర్తిగా పోతుందని నేను పూచీ ఇవ్వలేను. మొదటిసారి వాడేవారిని మోచేతి లోపలి వైపు రాసి రెండు రోజులు చూసుకోమనండి. గడ్డకట్టిన మైనపు పలక అడుగున నీటి చెమ్మ లేకుండా గుడ్డతో తుడిచి, ఒక రోజంతా ఆరనిచ్చిన తరువాతే కరిగించండి.

వెన్నముద్ద (మండపేట)
మీ దగ్గర శుద్ధి చేసిన మైనం మిగిలితే ఒక చిన్న ముక్క పంపండి. ముందు నా మోచేతికి రాసి చూస్తాను.