టీవీలో అంచులు తెగితే సరిచేయాల్సింది టీవీలోనా, ల్యాప్‌టాప్‌లోనా?

పర్లాకిమిడి మాస్టారు
మా సంఘం హాల్లో ఆదివారాలు పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పుతాం. బళ్లో వాళ్లది ఒడియా మీడియం, తెలుగు రాత మా దగ్గరే. మొన్న హాల్లో టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి గుణింతం పట్టిక పెట్టాను. పై వరసకి తలకట్లు లేవు. కింది వరసకి వొత్తులు లేవు. ఎడమ చివర "క" సగమే ఉంది. ఒక పిల్ల లేచి "మాస్టారూ, ఇది ఏ భాష?" అంది. టాస్క్‌బార్ కూడా సగం తెగిపోయింది. సాయానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు టీవీలో మార్చాలంటాడు, ఇంకొకడు ల్యాప్‌టాప్‌లో అంటాడు. తగువు తేలేలోపు క్లాసు టైము అయిపోయింది. ఏది సరైన పద్ధతి?

రాయగడ రిపేరు
ల్యాప్‌టాప్‌లోనే కానిచ్చేయండి మాస్టారూ. దాని గ్రాఫిక్స్ చిప్ ఏ కంపెనీదో చూసి ఆ సెట్టింగ్స్ తెరవండి: ఏఎండీ అయితే "హెచ్‌డీఎంఐ స్కేలింగ్" అని ఉంటుంది, ఎన్విడియా అయితే "అడ్జస్ట్ డెస్క్‌టాప్ సైజ్ అండ్ పొజిషన్". ఇంటెల్‌లో స్కేల్ దగ్గర కస్టమ్ పెట్టండి. బొమ్మ లోపలికి వచ్చేదాకా జరపడమే, రెండు నిమిషాల పని. టీవీ మెనూలోకి దిగితే కంపెనీకో పేరు, తెల్లారిపోతుంది.

జయపురం
ముందు కేబుల్ మార్చి చూడండి. బంగారు పూత ఉన్నది తీసుకోండి.

గుణుపురం కుర్రాడు
కేబుల్ మీద డబ్బులు పోయకండి. హెచ్‌డీఎంఐ డిజిటల్. కేబుల్ పాడైతే బొమ్మ మినుకుమినుకుమంటుంది, చుక్కలు పడతాయి, లేదా అసలు రాదు. నాలుగు పక్కలా సమానంగా కత్తిరించడం కేబుల్‌కి చేతకాదు.

రిపేరు అన్నయ్యా, కోస్తున్నది టీవీ. పాత డబ్బా టీవీల్లో పిక్చర్ ట్యూబు అంచుల దగ్గర బొమ్మ సరిగ్గా వచ్చేది కాదు, వోల్టేజీ తగ్గితే ముడుచుకుపోయేది కూడా. నల్ల అంచు కనబడకుండా కావాలనే బొమ్మని తెర కంటే కొంచెం పెద్దది చేసేవారు. దాన్నే ఓవర్‌స్కాన్ అంటారు. ట్యూబులు పోయినా అలవాటు పోలేదు, ఎల్‌ఈడీ టీవీలు కూడా చాలావాటిలో అది ఆన్‌లోనే వస్తుంది. పక్కకి 2.5 శాతం చొప్పున పోయిందనుకోండి, 1920 × 1080 బొమ్మలో కింద 27 పిక్సెళ్లు గల్లంతు. విండోస్ 10లో టాస్క్‌బార్ ఎత్తే మామూలుగా 40. మాస్టారి టాస్క్‌బార్ సగం ఎక్కడికి పోయిందో తెలిసిందా?

మీరు చెప్పినట్టు ల్యాప్‌టాప్‌లో తగ్గిస్తే బొమ్మ 1824 × 1026కి కుదించుకుపోతుంది. టీవీ దాన్ని మళ్లీ సాగదీస్తుంది. ఒకసారి నొక్కి, ఒకసారి లాగిన అక్షరం ఎలా ఉంటుంది? సినిమాకి ఫర్వాలేదు. "ఘ"కీ "ఝ"కీ తేడా చూపించాల్సిన చోట కుదరదు.

రాయగడ రిపేరు
తమ్ముడూ, ఎన్విడియాలో నొక్కడం ఉండదు, డెస్క్‌టాప్ సైజే తగ్గుతుంది. అక్షరం అక్షరంలాగే ఉంటుంది. అయినా హాల్లో పది అడుగుల దూరం నుంచి మసక ఎవరికి కనబడుతుంది?

గుణుపురం కుర్రాడు
నొక్కడం లేదు, ఒప్పుకుంటా. టీవీ సాగదీయడం ఎక్కడికి పోతుంది? పైగా ఆ హాల్లో వారానికొకరు తమ ల్యాప్‌టాప్ పట్టుకొస్తారు. ప్రతివారం ప్రతి ల్యాప్‌టాప్‌లో జరుపుతూ కూర్చుంటారా? టీవీలో ఒకసారి పెడితే ఎవరిది తగిలించినా సరిపోతుంది.

బరంపురం అక్క
మెనూలో పేర్లు తెలియక తిప్పలు పడేవాళ్ల కోసం: ఎల్‌జీలో "జస్ట్ స్కాన్", శాంసంగ్‌లో "స్క్రీన్ ఫిట్" లేదా "ఫిట్ టు స్క్రీన్", సోనీలో "ఫుల్ పిక్సెల్", షార్ప్‌లో "డాట్ బై డాట్". పిక్చర్ సైజ్ అనో ఆస్పెక్ట్ రేషియో అనో ఉన్న చోట వెతకండి. కొన్ని శాంసంగ్ టీవీల్లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టు పేరుని "పీసీ" అని మార్చినా కోత ఆగుతుంది.

రాయగడ రిపేరు
పెట్టండి. రేపు కేబుల్ చానెల్ పెడితే తెర పైన తెల్ల చుక్కల గీత ఆడుతుంది. టీవీ పాడైందని నా కొట్టుకే తెస్తారు.

గుణుపురం కుర్రాడు
ఆ గీత పాత రకం చానెళ్లలోనే అన్నయ్యా. చాలా టీవీల్లో ఏ పోర్టు సెట్టింగ్ ఆ పోర్టుకే ఉంటుంది. సెట్‌టాప్ బాక్సు వేరే పోర్టులో ఉంచితే దాని జోలికి వెళ్లదు.

పర్లాకిమిడి మాస్టారు
ఇందాకే హాలుకి వెళ్లి వచ్చాను. అక్క చెప్పిన చోటే వెతికితే 16:9, 4:3, జూమ్ మాత్రమే ఉన్నాయి. రిపేరు బాబు గెలిచాడనుకుని లేవబోతున్నా.

బరంపురం అక్క
ల్యాప్‌టాప్ నుంచి ఏ రిజొల్యూషన్ వెళ్తోంది మాస్టారూ? డూప్లికేట్ (రెండు తెరల మీదా ఒకే బొమ్మ) పెడితే చాలాసార్లు ల్యాప్‌టాప్ తెరదే, 1366 × 768 లాంటిది, టీవీకి వెళ్తుంటుంది. 720పీ, 1080పీ లాంటి సిగ్నల్ వస్తేనే ఆ ఆప్షన్ చూపించే టీవీలు ఉన్నాయి. విండోస్ మీట పట్టుకుని పీ నొక్కి "సెకండ్ స్క్రీన్ ఓన్లీ" ఎంచుకుని, 1920 × 1080 పెట్టి మళ్లీ చూడండి.

పర్లాకిమిడి మాస్టారు
వచ్చిందమ్మా! జాబితాలో నాలుగోది కొత్తగా పుట్టుకొచ్చింది. నొక్కగానే తలకట్లు దిగాయి, వొత్తులు ఎక్కాయి. "క్ష" పాదం దాకా కనబడుతోంది. ల్యాప్‌టాప్‌లో ఏమీ జరపలేదు.

రాయగడ రిపేరు
సంతోషం మాస్టారూ. నా దగ్గరికి వచ్చేవి మాత్రం ఆ నాలుగోది లేని టీవీలు, రిమోట్ పోయి బజారు రిమోట్‌తో నడిచేవి. వాటికి ల్యాప్‌టాప్‌లో జరపడం తప్ప దారేదో తమ్ముణ్ని చెప్పమనండి.

గుణుపురం కుర్రాడు
వీజీఏ పోర్టు ఉంటే అందులో పెట్టండి, అది కంప్యూటర్ కోసమే పెట్టింది కాబట్టి మామూలుగా కోయదు. సౌండ్‌కి వేరే వైరు కావాలి. వీజీఏ కూడా లేకపోతే సరే, జరుపుకోండి.