గడి చిన్నదైతే అనిశ్చితి తగ్గినట్టేనా?

గడిగీత:
చర్చకు పెడుతున్న ప్రశ్న ఇది. పటం కోసం నేలను సమాన చతురస్రాలుగా కోసి ఒక్కోదానికి ఒకే విలువ ఇస్తాం; ఆ చతురస్రమే గడి. వరద అంచనా, భూవినియోగ పటం, వ్యాధి వ్యాప్తి వంటి ప్రాదేశిక నమూనాలన్నింటికీ అందుబాటులో ఉన్న అతి చిన్న గడినే వాడాలన్న వాదన బలపడుతోంది. కంప్యూటర్ల సామర్థ్యం ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదని, చిన్న గడులను ఎప్పుడైనా కలిపి పెద్దవి చేసుకోవచ్చుగానీ పెద్ద గడిలో కలిసిపోయిన వివరాన్ని మళ్లీ వెలికితీయలేమని ఈ పక్షం వారు అంటారు. నేనూ చాలావరకు ఈ పక్షమే. 30 మీటర్ల గడిలో 5 మీటర్ల వెడల్పున్న కరకట్ట చుట్టూ ఉన్న పల్లంతో కలిసి సగటైపోతుంది. నమూనాలో నీరు ఆ కట్ట లేనట్టే అవతలికి పారుతుంది. గడి తగ్గించకుండా ఈ దోషం ఎలా పోతుందో అభ్యంతరం ఉన్నవారు చెప్పగలరు.

వాలుపటం:
గడిగీత గారూ, కట్ట మీది ఎత్తును విడిగా ఒక గీతగా నమూనాకు ఇచ్చే పద్ధతి ఉంది; అందుకోసం మొత్తం ప్రాంతాన్ని చిన్న గడులుగా కోయనక్కరలేదు. నా అసలు అభ్యంతరం వాలు లెక్కలో ఉంది. ఒక గడి వాలు కట్టడానికి దాని రెండు పక్కల ఉన్న గడుల ఎత్తుల తేడాను వాటి మధ్య దూరంతో భాగిస్తాం. ప్రతి ఎత్తులోనూ 1 మీటరు ప్రామాణిక విచలనంతో (అంటే సాధారణంగా అటూ ఇటూ అంత తేడాతో) దోషం ఉందనీ, ఒక గడి దోషానికి మరో గడి దోషంతో సంబంధం లేదనీ అనుకుందాం. అప్పుడు తేడాలోని దోషం 1.41 మీటర్లు అవుతుంది. 30 మీటర్ల గడిలో ఆ రెండింటి మధ్య దూరం 60 మీటర్లు కాబట్టి వాలులో దోషం 2.4 శాతం (అంటే 100 మీటర్ల దూరానికి 2.4 మీటర్ల ఎత్తు), 10 మీటర్ల గడిలో 7 శాతం, 2 మీటర్ల గడిలో ఏకంగా 35 శాతం. ఎత్తుల నాణ్యత ఎక్కడా మారలేదు, గడి మాత్రమే చిన్నదైంది. అయినా చదునైన నేల గుట్టలు మిట్టలుగా కనిపించే పరిస్థితి వచ్చింది. ఆ వాలు మీద ఆధారపడి నేల కోతనో, కొండచరియల ముప్పునో లెక్కిస్తే వచ్చే పటం చూడటానికి ఎంతో వివరంగా ఉంటుంది, అందులో చాలా భాగం కొలత దోషమే అయినా సరే.

తీరరేఖ:
వాలుపటం గారి లెక్కలో తప్పు లేదు, కానీ అది నిలబడింది దోషాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివన్న ఊహ మీద. ఎత్తుల డేటాలో ఆ ఊహ చెల్లడం అరుదు. ఒకే చెట్ల గుంపు మీద పడిన పక్కపక్క గడులు రెండూ కలిసే నేలను ఎక్కువ ఎత్తులో చూపిస్తాయి. పొరుగు దోషాల మధ్య సహసంబంధం (రెండు ఎంతగా కలిసి నడుస్తాయో తెలిపే, -1 నుంచి +1 వరకు ఉండే సంఖ్య) 0.96 ఉంటే తేడాలోని దోషం 1.41 నుంచి 0.28 మీటర్లకు పడిపోతుంది. 2 మీటర్ల గడిలో కూడా వాలు దోషం 35 శాతం కాదు, 7 శాతమే.

అలాగని చిన్న గడి పక్షానికి ఇది పూర్తి ఊరట అనుకోవద్దు. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో సేకరించిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు చాలాచోట్ల నేలకు బదులు చెట్ల గుబుర్లనూ భవనాల కప్పులనూ కొలిచాయి. ఆ ఒకవైపు మొగ్గే దోషాన్ని సవరించి 2019లో పరిశోధకులు స్కాట్ కల్ప్, బెంజమిన్ స్ట్రాస్ లెక్కగట్టినప్పుడు ఇప్పటి పోటు మట్టానికి దిగువన ఉన్న నేల మీద ప్రపంచంలో 11 కోట్ల మంది నివసిస్తున్నారని తేలింది. సవరించని ఎత్తులతో వచ్చే అంచనాలకు వారి అంచనాలు సుమారు మూడు రెట్లు. తేడా తెచ్చింది దోష సవరణే తప్ప చిన్న గడి కాదు.

జనగణన:
ఇంతవరకు ఎత్తుల గురించే మాట్లాడుకున్నారు. మనుషుల డేటాలో చిక్కు వేరు. అక్కడ కొలత కచ్చితంగా ఉన్నా హద్దులు ఎలా గీశామన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. 1930 అమెరికా జనాభా లెక్కలు తీసుకొని 1950లో సామాజిక శాస్త్రవేత్త విలియమ్ రాబిన్సన్ చూపినది ఇదే: విదేశాల్లో పుట్టడానికీ నిరక్షరాస్యతకూ మధ్య సహసంబంధం వ్యక్తుల స్థాయిలో +0.118 ఉండగా, అవే లెక్కలను రాష్ట్రాల స్థాయిలో చూస్తే -0.526 వచ్చింది. వలస వచ్చినవారు అక్షరాస్యత ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో స్థిరపడటం వల్ల గుర్తే తలకిందులైంది. 1979లో భూగోళ శాస్త్రవేత్తలు స్టాన్ ఓపెన్‌షా, పీటర్ టేలర్ అమెరికాలోని అయోవా రాష్ట్రంలోని 99 కౌంటీలను రకరకాలుగా కలిపి, వృద్ధుల శాతానికీ రిపబ్లికన్ ఓట్ల శాతానికీ మధ్య సహసంబంధాన్ని దాదాపు -1 నుంచి దాదాపు +1 వరకూ రాబట్టగలిగారు.

గడిగీత:
జనగణన గారూ, రాబిన్సన్ ఉదాహరణ నా వాదనకే బలం కదా? వ్యక్తుల స్థాయి అంటే అన్నింటికన్నా చిన్న ప్రమాణం; సరైన జవాబు అక్కడే దొరికింది. ఇక అయోవా ఫలితంలోని ఆ కొసలు ఉద్దేశపూర్వకంగా వెతికితే దొరికినవి. వాటిని చూపించి పటంతో ఏదైనా చెప్పించవచ్చని తేల్చేస్తే ప్రాదేశిక విశ్లేషణనే వదులుకోవాలి.

జనగణన:
రెండో మాటతో ఏకీభవిస్తాను. ఆ ఫలితాన్ని అవసరానికి మించి సాగదీసేవారు చాలామందే ఉన్నారు. మొదటిదానితో మాత్రం ఏకీభవించలేను. రాబిన్సన్ ప్రశ్న వ్యక్తుల గురించి కాబట్టి వ్యక్తుల స్థాయి సరిపోయింది. వ్యాధి రేటు వంటి విషయంలో ప్రశ్న ప్రాంతం గురించి ఉంటుంది, అక్కడ చిన్న ప్రమాణం మనల్ని నేరుగా తప్పుదారి పట్టిస్తుంది. 40 మంది ఉన్న గణన ఖండంలో (జనాభా లెక్కల కోసం గీసిన చిన్న ప్రాంతంలో) ఒక్క కేసు నమోదైతే రేటు లక్షకు 2,500. పక్క ఖండంలో సున్నా. పటం మీద అత్యధికం, అత్యల్పం రెండూ జనాభా తక్కువ ఉన్న చోట్లనే కనిపించడానికి కారణం వ్యాధి కాదు. పొరుగు ఖండాల గణాంకాలను కలుపుకొని సవరించే బేయీజియన్ పద్ధతులు ఉన్న మాట నిజమే. కానీ అప్పుడు మనం చూసేది ఆ ఖండపు రేటును కాదు, పొరుగుతో కలిసిన అంచనాను. అంటే గడి చిన్నదిగా గీసి, వెనుక నుంచి పెద్దదే వాడుతున్నామన్నమాట.

పచ్చదనం:
భూవినియోగ పటాల సంగతి కూడా చెప్పాలి. ఉపగ్రహ చిత్రాల్లో గడినే పిక్సెల్ అంటారు. 10,000 పిక్సెళ్లలో 200 మాత్రమే చిత్తడి నేల అనుకోండి. వర్గీకరణ వాటిలో 180ని పట్టుకుంది, మిగతా 9,800లో 2 శాతాన్ని, అంటే 196 పిక్సెళ్లను పొరపాటున చిత్తడి నేలగా చూపింది. పటం కింద ‘కచ్చితత్వం 97.8 శాతం’ అని వేస్తారు, అది అబద్ధమూ కాదు. అయితే ఆ పటంలో పిక్సెళ్లు లెక్కపెట్టినవారికి చిత్తడి నేల 200 బదులు 376 పిక్సెళ్లు ఉన్నట్టు తేలుతుంది. పిక్సెల్‌ను 30 మీటర్ల నుంచి 10 మీటర్లకు దించినా పొరపాటు శాతం అదే ఉంటే ఈ వాపు అణువంతైనా తగ్గదు. విస్తీర్ణం కావలసినవారు పిక్సెళ్లు లెక్కపెట్టడం మాని, యాదృచ్ఛికంగా ఎంచిన చోట్ల పరిశీలించి ఆ దోషాల పట్టికతో అంచనాను సవరించుకోవాలి.

గడిగీత:
అయితే ప్రతిపాదనను ఇలా మార్చి చూద్దాం: డేటాను చిన్న గడిలో భద్రపరుద్దాం, ఫలితాలను మాత్రం పెద్ద ప్రమాణంలో సగటు చేసి ప్రకటిద్దాం. సగటు తీసినప్పుడు దోషాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి వాలుపటం గారి భయం కూడా తీరుతుంది.

వాలుపటం:
అలా కొట్టేసుకోవాలంటే ఆ దోషాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. 100 గడుల సగటు ఎత్తు తీసుకుందాం. ప్రతి గడిలో దోషం 1 మీటరు. సంబంధం లేకపోతే సగటులోని దోషం 0.1 మీటరు. తీరరేఖ గారు చెప్పిన 0.96 సహసంబంధమే అన్ని గడుల మధ్యా ఉంటే అది 0.98 మీటరు, అంటే నూరు గడులు కలిపినా ఒరిగిందేమీ లేదు. వాలు లెక్కలో మనల్ని కాపాడిన సహసంబంధమే సగటు లెక్కలో దెబ్బతీస్తుంది. తేడా తీస్తే ఉమ్మడి దోషం పోతుంది, కూడితే నిలిచిపోతుంది. కాబట్టి డేటాతో పాటు ‘1 మీటరు దోషం’ అని ఒక్క సంఖ్య ఇచ్చి ఊరుకుంటే, వాలు కట్టేవారికీ ముంపు విస్తీర్ణం కట్టేవారికీ కూడా అది దాదాపు నిరుపయోగం. ఆ దోషం ఎంత దూరం వరకు ఒకేలా సాగుతుందో తెలిపే వేరియోగ్రామ్ కూడా కావాలి. అది ఉంటే ఏ గడిలో ఏ లెక్క నమ్మదగినదో మాంటే కార్లో పద్ధతిలో, అంటే దోషాలను యాదృచ్ఛికంగా మార్చుతూ లెక్కను అనేకసార్లు చేసి చూసి, ఎవరైనా తేల్చుకోగలరు.

తీరరేఖ:
వేరియోగ్రామ్ అడగడం సులువు. ఎత్తుల నాణ్యత పరీక్షకు సాధారణంగా ప్రాంతమంతా పరుచుకునేలా దూరదూరంగా కొన్ని బిందువులు కొలుస్తారు. 2 మీటర్లు, 10 మీటర్లు, 50 మీటర్ల ఎడంలో దోషాలు ఎలా కలిసి నడుస్తాయో వాటితో తెలియదు. దగ్గర దగ్గరగా జతల కొద్దీ బిందువులు కొలవాలి, చెట్ల కింద, బయలులో, ఊళ్లలో విడివిడిగా. డేటా తయారుచేసేవారు ఆ ఖర్చు భరించరు, వాడేవారు తమది కాదంటారు.

గడిగీత:
అయినా నా ఓటు చిన్న గడిలో భద్రపరచడానికే. ఎందుకంటే ఆ జతల కొలతలు రేపు వచ్చినప్పుడు వాటిని పోల్చి చూడటానికి అసలు గడులు మిగిలి ఉండాలి. వేరియోగ్రామ్ లేనంతవరకు ఆ డేటా నుంచి వాలు పటం ప్రకటించకూడదన్న షరతును మాత్రం ప్రతిపాదనలో చేరుస్తున్నాను. విస్తీర్ణాల విషయంలో పచ్చదనం గారు అలాంటి షరతునే ఒక వాక్యంగా రాసి పెడితే అదీ చేరుస్తాను.