‘పూర్వాగ్రహం’, ‘వివక్ష’, ‘చిన్నచూపు’: ఏ మాట ఎక్కడ?

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. ఎనిమిదో తరగతి పిల్లల కోసం ఒక పాఠాన్ని తెలుగులోకి తెస్తున్నాను. ఎదుటివారిని గురించి మనసులో ముందే పాతుకుపోయిన తప్పుడు అభిప్రాయాలను గుర్తించి, వాటి నుంచి బయటపడి ఆలోచించడం ఎలాగన్నది ఆ పాఠం విషయం. అందులో ‘ప్రెజుడిస్’ అనే మాట పదేపదే వస్తున్నది. హిందీలో దీనికి ‘పూర్వాగ్రహ్’ అంటారు కనుక నేనూ ‘పూర్వాగ్రహం’ అని పెట్టాను. మా ఇంట్లో పెద్దవారు చదివి, “అంటే పాత కోపమా?” అని అడిగారు. ‘వివక్ష’ అంటే సరిపోతుందా? ఇంతకన్నా మంచి మాట ఉంటే దయచేసి తెలుపగలరు.

జవాబు:

మీ ఇంటి పెద్దవారి సందేహం సరైనదే. సంస్కృతంలో ‘ఆగ్రహం’ అంటే గట్టిగా పట్టుకోవడం, పట్టు విడవకపోవడం. గాంధీజీ దక్షిణాఫ్రికాలో తన పోరాటానికి పెట్టుకున్న ‘సత్యాగ్రహం’ అనే పేరులో ఉన్నది ఆ అర్థమే. కానీ తెలుగులో ‘ఆగ్రహం’ విడిగా వినబడితే కోపం తప్ప మరొకటి తోచదు. ‘రైతుల ఆగ్రహం’ అని పత్రికలో శీర్షిక కనబడితే రైతులు మండిపడుతున్నారనే అనుకుంటాము గాని పట్టుదలతో ఉన్నారని అనుకోము. అందుచేత హిందీలో చక్కగా నిలిచిన ఆ మాట మన పిల్లలకు ‘వెనకటి కోపం’గానే అందుతుంది. దానిని వదిలిపెట్టడమే మేలు.

‘వివక్ష’ కథ ఇంకా ఆసక్తికరమైనది. ‘వక్తుమ్ ఇచ్ఛా వివక్షా’, అంటే చెప్పాలనే కోరిక. తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస, తాగాలనే కోరిక పిపాస, తినాలనే కోరిక బుభుక్ష అయినట్టే ఇదీను. వ్యాకరణంలో ‘వివక్షాతః కారకాణి భవంతి’ అని ఒక మాట ఉన్నది. ఒక వాక్యంలో దేనిని కర్తగా నిలపాలి, దేనిని కరణంగా (పనికి సాధనంగా) నిలపాలి అన్నది చెప్పేవాడి ఉద్దేశాన్ని బట్టి ఉంటుందని దాని భావం. ‘కత్తితో కోశాడు’ అనవచ్చు, ‘ఈ కత్తి బాగా కోస్తుంది’ అనీ అనవచ్చు. కత్తి మారలేదు, కోత మారలేదు, మారినది చెప్పేవాడి ఎంపిక. ఇటువంటి మాట తెలుగులో ‘జాతి వివక్ష’, ‘కుల వివక్ష’, ‘లింగ వివక్ష’ అనే అర్థానికి వచ్చి స్థిరపడింది. మంచిచెడ్డలను వేరుచేసి చూడగలగడానికి ‘విచక్షణ’ అనే మాట మనకు ఉండనే ఉన్నది. దానికీ దీనికీ ఉన్న ధ్వనిసామ్యం ఈ మార్పుకు కొంత తోడ్పడి ఉంటుందని నా ఊహ. పొరుగున కన్నడంవారు ఇదే అవసరానికి ‘తారతమ్య’ అనే మాటను ఎంచుకున్నారు.

వచ్చిన దారి ఏదైనా, ఈనాటి తెలుగులో ‘వివక్ష’ అనేది ఒక పనికి పేరు. మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అనే కారణాలతో మాత్రమే ఏ పౌరుని పట్ల కూడా రాజ్యం వివక్ష చూపరాదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతున్నది. వివక్షను ఎవరో ఒకరు చూపుతారు, మరొకరు దాని వల్ల నష్టపోతారు, దానికి సాక్ష్యం ఉంటుంది, ఫిర్యాదు చేయవచ్చు. మీ పాఠం అడుగుతున్నది దీనికి ముందు ఉండే సంగతి. చేతిదాకా రాకముందు మనసులో ఉన్న దానికి పేరు కావాలి. దానికి తెలుగులో పాత మాట, ఇంటి మాట ఒకటి ఉన్నది: చిన్నచూపు.

ఈ రెండు మాటలకూ ఉన్న తేడా నాకు నిఘంటువులో తెలియలేదు. నేను ముప్ఫై ఏళ్లకు పైగా హైదరాబాదులో తెలుగు చెప్పాను. ఒక ఏడాది ఏడో తరగతిలో శ్రీకాకుళం జిల్లా నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చిన కుటుంబపు పిల్లవాడు చేరాడు. చేరిన వారంలోనే ఒకనాడు గంట కొట్టే వేళకు, వెనక బెంచీలో నుంచి లేచి, తోటివాడితో “బేగి రా” అన్నాడు, త్వరగా రమ్మని. తరగతి అంతా గొల్లున నవ్వింది. నేను నవ్వలేదని చాలాకాలం నమ్మాను. నిజానికి పెదవి బిగపట్టుకున్నాను, కానీ కళ్లు నవ్వాయి. ఆ పిల్లవాడు చూసినది తోటివాళ్ల నోళ్లను కాదు, నా ముఖాన్ని. ఆ తరువాత ఏడాది పొడుగునా ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తి జవాబు చెప్పలేదు. పేరు పిలిచి అడిగితే తలవంచుకుని పుస్తకంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివేవాడు.

అతని జవాబు పత్రాలను నేను ఎంతో న్యాయంగా దిద్దాను. ఒక్క మార్కు తగ్గించలేదు. అందరితోబాటు ముందు వరుసలో కూర్చోబెట్టాను. ఎవరైనా విచారణకు వచ్చి, ఈ తరగతిలో వివక్ష ఉన్నదా అని అడిగి ఉంటే, లేదని ప్రమాణం చేసి చెప్పగలిగేవాణ్ణి, అది నిజమే అయ్యేది కూడా. ఉన్నది చిన్నచూపు. అది నా కళ్లలో ఉన్నది. నాకు కనబడలేదు, పన్నెండేళ్ల పిల్లవాడికి కనబడింది.

‘బేగి’ అన్న మాటలో తప్పేమున్నది? అది ‘వేగం’కు తోబుట్టువు. వకారం బకారం కావడం మన భాషకు కొత్త కాదు. నాకు ఈ సంగతి ఆనాడే తెలుసు, తెలిసి కూడా కళ్లు నవ్వాయి. అదే ఏడు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపి, గిడుగు రామమూర్తి పంతులు గారి పటానికి దండ వేసి, వాడుక భాష గొప్పదనం మీద అరగంట మాట్లాడాను. ఆయన 1863లో పుట్టినది శ్రీకాకుళం ప్రాంతంలోనే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, చుట్టుపక్కల కొండల్లోని సవరల దగ్గర కూర్చుని వారి భాష నేర్చుకుని, వారి పిల్లలకు బడులు పెట్టి, ఆ భాషకు వ్యాకరణం రాశారు. అది 1931లో అచ్చయింది. లిపి కూడా లేని భాష అని పండితులు పక్కన పెట్టినదాన్ని ఆయన విద్యార్థిగా వెళ్లి నేర్చుకున్నారు. ఇదంతా నేను వేదిక మీద చెబుతూ ఉంటే ఆ పిల్లవాడు మూడో వరుసలో కూర్చుని వింటున్నాడు. విషయం తెలిసి ఉండడం వేరు, చూపు మారడం వేరు అని చెప్పడానికి నాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందనే సామెతను ఈ చర్చలో ఎవరైనా తెస్తారని ఎదురుచూస్తున్నాను, కనుక నేనే తెస్తాను. మన తర్కశాస్త్రాలలోనూ కామెర్ల రోగికి తెల్లని శంఖం పసుపుగా తోచడం పేరుపడ్డ ఉదాహరణ. తాడును చూసి పాము అనుకున్నవాడికి దీపం తెచ్చి చూపిస్తే భయం పోతుంది. కానీ శంఖం తెల్లనిదని ఎంతమంది చెప్పినా, తనకూ తెలిసినా, పైత్యం తగ్గేదాకా రోగికి అది పసుపుగానే కనబడుతుందని ఆ శాస్త్రకారులు భావించారు. నిజానికి కామెర్లు వచ్చినవారికి లోకం సాధారణంగా పచ్చగా కనబడదు. వారి కళ్లే ఎదుటివారికి పచ్చగా కనబడతాయి. రోగం ఉన్నదని తనకంటే ముందు ఇంట్లోవారు పోల్చుకుంటారు. చిన్నచూపు విషయంలో సామెత కంటే ఈ వాస్తవమే నాకు ఎక్కువ నిజమనిపిస్తుంది. “నీ చూపు అలా ఉన్నది” అని ఎదుటివారు చెప్పినప్పుడు, “నాకు అలాంటి ఉద్దేశం లేదు” అని కొట్టివేయకుండా, ఒకసారి అద్దం ముందుకు వెళ్లడం మొదటి పని.

భాషను ప్రేమించేవారికి ఈ అద్దం మన వాక్యాలలోనే దొరుకుతుంది. ‘అయినా’ అనే చిన్న మాటను గమనించండి. ‘వర్షం పడుతున్నా బడికి వచ్చాడు’ అన్నామంటే, వర్షం పడితే పిల్లలు రారన్న అంచనా ఆ ‘నా’లో దాగి ఉన్నది. ‘పల్లెటూరి పిల్ల అయినా తెలివైనది’, ‘పెద్దగా చదువుకోకపోయినా మర్యాద తెలిసినవాడు’, ‘ఆడపిల్ల అయినా బస్సు నడుపుతున్నది’ అన్నప్పుడు దాగి ఉన్న అంచనా ఏమిటి? అన్నవారు మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు, వారి మనసులో చెడు ఏమీ ఉండదు. విన్నవారికి మాత్రం మెప్పు కంటే ముందు ఆ అంచనా వినబడుతుంది. ఆ ‘అయినా’ను తీసివేసి, ‘పల్లెటూరి పిల్ల, తెలివైనది’ అని చదివి చూడండి. వాక్యం హాయిగా నిలబడుతుంది, ఏ లోటూ రాదు. లోటు వచ్చినట్టు మనకు అనిపిస్తే, ఆ అనిపించడమే మనం వెతుకుతున్నది. పిల్లల చేత ఈ ఒక్క అభ్యాసం చేయించండి: రోజూ తాము విన్న ‘అయినా’లను రాసుకుని రమ్మనండి, వాటి వెనుక ఉన్న అంచనాలను పక్కన రాయమనండి.

దీని అన్నగారు ‘ఎంతైనా’. ‘ఎంతైనా వాళ్లు వాళ్లే’ అన్న తరువాత ఇక ఏ సాక్ష్యమూ లోపలికి రాలేదు. మంచి చేసినా ఎంతైనా అంతే, చెడు చేస్తే సరేసరి. ఈ వాక్యాన్ని విప్పడానికి నాకు తెలిసిన ఉపాయం ఒకటే, బహువచనాన్ని ఏకవచనం చేయడం. వాళ్లంటే ఎవరు? ఏ మనిషి? ఏ రోజున ఏమి చేశాడు? నిజాయితీగా జవాబు చెప్పుకుంటే చాలాసార్లు ఒక మనిషి, ఒక సంఘటన మిగులుతాయి. కొన్నిసార్లు అవీ మిగలవు, ఎవరో చెప్పగా విన్న మాట మాత్రమే మిగులుతుంది.

ఒక సభ్యురాలి వ్యాఖ్య:

మాస్టారూ, నమస్కారం. మీరు చెప్పినది బాగున్నది కానీ నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ‘చిన్నచూపు’ మరీ మెత్తని మాట. మా తాతగారి ఊరిలో టీ కొట్టు చూరులో విడిగా దోపి ఉంచిన గ్లాసు మా వాడవారి కోసం. అక్కడ ఎవరి కంటిలోనో దోషమని అంటే మేము అనుభవించినది చిన్నబోతుంది. రెండోది, అన్ని దురభిప్రాయాలూ ఎదుటివారిని చిన్నగా చూసేవి కావు. మతం పేరు అడిగి ఇల్లు అద్దెకు ఇవ్వనివారు వారిని చిన్నగా చూడడం లేదు, అనుమానంతో చూస్తున్నారు. దానికి మీ మాట చాలదు. ఇక బడిలో అందరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెడితే చూపు దానంతట అదే మారుతుందని మా ఉపాధ్యాయులు అనేవారు, మారలేదు.

జవాబు:

అమ్మా, మీ మొదటి అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకుంటున్నాను. రెండు గ్లాసుల పద్ధతి చిన్నచూపు కాదు. అంటరానితనాన్ని 17వ అధికరణం రద్దు చేసింది, 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దానిని శిక్షించదగిన నేరంగా చూస్తున్నాయి. దానికి ‘వివక్ష’ అన్నా తక్కువే అవుతుంది. మన భాషలోనే దానికి ‘వెలి’ అనే మాట ఉన్నది. వెలి అంటే బయట. ‘వెలివాడ’ అన్న మాటలో ఊరు ఎవరిది, బయట ఎవరు అన్నది ముందే తేల్చివేయబడి ఉన్నది. నేరాన్ని నేరమని పిలవవలసిన చోట మెత్తని మాట వాడడం అన్యాయం. నా మొదటి జవాబులో ఈ హద్దును గీయకపోవడం నా పొరపాటు.

రెండోదీ నిజమే. చిన్నచూపు పైనుంచి కిందికి చూసే చూపు. భయంతో, అనుమానంతో చూసే చూపు అందులో ఇమడదు. ‘వాళ్ల పిల్లలకు లెక్కలు పుట్టుకతోనే వస్తాయి’ అన్న మెప్పుకోలు కూడా ఇమడదు. అదీ మనిషిని చూడకుండా వేసిన అంచనాయే, ఆ గుంపులో పుట్టి లెక్కలు రాని పిల్లవాడు దాని బరువు మోయాలి. కొందరు ‘ముందుతీర్పు’ అంటున్నారు కానీ అది కోర్టు ఉత్తర్వులాగా వినబడుతున్నది. వీటన్నిటికీ కలిపి ‘దురభిప్రాయం’ నాకు కొంత నయమనిపిస్తుంది.

బెంచీ విషయం నేనూ అనుభవించినదే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ఈ సంగతి చెప్పారు: వేర్వేరు గుంపులవారు పక్కపక్కన ఉన్నంత మాత్రాన దురభిప్రాయాలు పోవు, ఆ చోట వారికి సమాన హోదా ఉండాలి, ఉమ్మడి లక్ష్యం కోసం కలిసి పనిచేయాలి, పైవారి మద్దతు ఉండాలి. నా తరగతిలో బెంచీ ఒకటే, హోదా ఒకటి కాదు. భాష విషయంలో కొందరు పిల్లలు ఎప్పుడూ సరైనవారు, కొందరు ఎప్పుడూ దిద్దుబాటుకు గురి అయ్యేవారు.

తరువాతి సంవత్సరాలలో ఒక మార్పు చేశాను. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం తయారీలో, నాగలి భాగాలకూ కొడవళ్లకూ ఏ ఊరిలో ఏ పేరున్నదో చెప్పిన అధికారులు రైతులే, పండితులు రాసుకున్నవారు. అదే పద్ధతిలో పిల్లలను ఇళ్లనుంచి మాటలు తెమ్మన్నాను. నాన్న చేసే పనిలోని మాటలు, అమ్మమ్మ మాటలు తెచ్చి నల్లబల్ల మీద తామే రాసి, అర్థం తామే చెప్పాలి. మిగతావారు, నాతో సహా, నోటు పుస్తకంలో ఎక్కించుకోవాలి. తాపీ పనివారి పిల్లలు ఆ గంటలో మాకు గురువులు. నవ్వులు మానలేదు, కానీ ఎవరి మాట వింతగా ఉంటే వారిని “ఇంకొకటి చెప్పు” అని అడిగే నవ్వులయ్యాయి. మొదటి పిల్లవాడు అప్పటికే మరో ఊరు వెళ్లిపోయాడు.

ప్రశ్న అడిగినవారికి: పాఠం పొడుగునా ఒకే మాట పెట్టాలనే నియమం పెట్టుకోకండి. మనసులోని అంచనాకు ‘దురభిప్రాయం’, అది చూపులోకి, మాటలోకి దిగినచోట ‘చిన్నచూపు’, చేతలోకి వచ్చి ఒకరి హక్కును తీసుకున్నచోట ‘వివక్ష’ అని వాడితే పిల్లలకు మూడు మెట్లూ కనబడతాయి. శీర్షికకు ‘మన చూపును మనం చూసుకుందాం’ అన్నది పరిశీలించండి.

ఉత్తరాంధ్ర సభ్యులకు ఒక విన్నపం. మీ ఇళ్లలో పెద్దవారు ‘చిన్నచూపు’ అనవలసిన చోట ఏ మాట వాడుతారు? ఏ ఊరిలో విన్నారో కూడా రాయండి. నోటు పుస్తకం పక్కనే ఉన్నది, ఎక్కించుకుంటాను.